కింద పడేసి చూసినవా?

శబరి నది ఒడ్డున ఉన్న కొంట ఊరి బజారులో ఎవరైనా కొత్త ఫోను కొంటే ముందు దేవుడికి చూపిస్తారు, తర్వాత ఇంట్లోవాళ్లకు చూపిస్తారు. శ్రీరంగం గారికి మాత్రం చూపించరు. చూపిస్తే ఆయన దాన్ని కింద పడేస్తాడు.

చేయి జారి కాదు. కావాలనే. ఫోను అందుకుని, అటూ ఇటూ తిప్పి, పుచ్చకాయను తట్టినట్టు వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "కింద పడేసి చూసినవా?" అని అడుగుతాడు. ఎదుటివాడు "లేదు" అనేలోపే ఫోను గచ్చు మీద ఉంటుంది.

ఆయనకు ఫోన్ల మీద కోపమేమీ లేదు. నమ్మకం లేదు, అంతే. నలభై ఏళ్లుగా ఇనుప సామాన్ల దుకాణం నడుపుతున్న మనిషి. ఇనుప బకెట్టు అమ్మేముందు బోర్లించి దాని మీద నిలబడతాడు. తాళం అమ్మేముందు సుత్తితో ఒక దెబ్బ వేస్తాడు. ఇనుమునే నమ్మనివాడు గాజును నమ్ముతాడా?

బస్‌స్టాండులో టికెట్లు కొట్టే రామ్‌ప్రసాద్ జగదల్‌పూర్ వెళ్లి ఒక ఫోను కొనుక్కొచ్చాడు. మేకుల కోసం దుకాణానికి వచ్చినవాడు నోరు ఊరుకోక దాని గొప్ప చెప్పాడు.

"ఏనుగు తొక్కినా పగలదంట బాబాయ్."

"ఏనుగు తొక్కి చూసిందా?"

"అడ్వర్టైజ్‌మెంట్‌ల తొక్కింది కదా!"

"కంపెనీవాడు పిలుచుకొచ్చిన ఏనుగు ఎట్లా తొక్కుతది? మెల్లగ తొక్కుతది. ఏదీ, ఇటు ఇయ్యి."

రామ్‌ప్రసాద్ ఇవ్వలేదు. శ్రీరంగం తీసుకున్నాడు. ఫోను ధన్‌మని గచ్చు మీద పడి, ఎగిరి, కొడవళ్ల కట్ట కిందికి దూరింది. రామ్‌ప్రసాద్ గుండె పట్టుకుని మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి బయటికి తీశాడు. పగలలేదు.

"బతికింది" అన్నాడు శ్రీరంగం, కొంచెం నిరాశగా. "ఒకసారి బతికితే అదృష్టం అనొచ్చు. ఇంకోసారి చూద్దాం పట్రా."

రామ్‌ప్రసాద్ మేకులు కూడా తీసుకోకుండా బస్‌స్టాండు దాకా పరుగెత్తాడు.

దుకాణం తలుపు చెక్క మీద సుద్దముక్కతో గీసిన గీతలు మూడుంటాయి. పిల్లల ఎత్తు కొలిచి గీసుకున్నట్టుగా ఉంటాయి గానీ అవి ఫోన్ల చావు గీతలు. కిందిది జేబు గీత, వంగినప్పుడు చొక్కా జేబులోంచి జారే ఎత్తు. మధ్యది బండి గీత, మోటారు సైకిలు మీంచి పడే ఎత్తు. పైది పరుగు గీత. చేతిలో ఫోను పట్టుకుని పరుగెత్తేవాడు పడితే ఫోను లేచే ఎత్తు అది. రెండేళ్లలో ఆయన చేతుల్లో నాలుగు ఫోన్లు పగిలాయి. నాలుగింటినీ తానే సుక్మా పట్టుకెళ్లి గాజు మార్పించి, ఇంటికెళ్లి అప్పగించి వచ్చాడు. పడేస్తాడన్న మాటే గానీ పారిపోయే మనిషి కాదు.

ఇక ఆయన సొంత ఫోను సంగతి. అది ఉల్లిగడ్డలా ఉంటుంది. ఫోను మీద గాజు రేకు, దాని మీద రబ్బరు కవరు, దాని మీద సైకిలు ట్యూబు, దాని చుట్టూ థర్మాకోలు, దాని మీద భార్య అన్నపూర్ణమ్మ పాత బొంతతో కుట్టిన సంచి, ఆ పైన టార్పాలిన్ గుడ్డ, అన్నిటి మీదా పురికొస. మోగితే ఎక్కడో పక్క ఊళ్లో మోగినట్టుంటుంది. ఆయన పురికొస విప్పేసరికి ఆగిపోతుంది. అందుకే కొంటలో ఆయనకు ఎవరు చేసినా రెండుసార్లు చేస్తారు. మొదటిది విప్పడానికి, రెండోది మాట్లాడటానికి.

"నా పెండ్లిలగూడ నా ఒంటి మీద ఇన్ని బట్టల్లెవ్వు" అంటుంది అన్నపూర్ణమ్మ.

ఈ మనిషి దుకాణానికి సరిగ్గా ఎదురుగా కిరణ్మయి మొబైలు కవర్ల దుకాణం తెరిచింది.

కిరణ్మయి చర్ల నుంచి కొంటకు కోడలుగా వచ్చి మూడేళ్లు. భర్త భానుప్రకాష్‌కు సుక్మాలో ఆఫీసు ఉద్యోగం. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తాడు. మధ్యలో ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదని, పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు అమ్మి ఆమె ఈ దుకాణం పెట్టింది. రంగురంగుల కవర్లు తోరణాల్లా వేలాడదీసింది. నెమలి బొమ్మవి, మెరుపులవి, వెనక ఉంగరం ఉన్నవి. కొబ్బరికాయ కొట్టిన పావుగంటకు శ్రీరంగం రోడ్డు దాటి వచ్చాడు.

"అమ్మాయ్, నీ దగ్గర అన్నిటికంటే గట్టి కవరేది?"

మొదటి బేరం! కిరణ్మయి సంబరంగా పెట్టెలో ఉన్న నల్లటి కవరు తీసింది. "ఇది మిలిటరీ గ్రేడు బాబాయ్."

"ఏ మిలిటరీ?"

"అంటే... మిలిటరీయే."

"మన ఊరి క్యాంపు జవాన్లా? వాళ్లు పరీక్ష చేసిన్రా? కాగితమేమన్న ఉన్నదా?"

"పెట్టె మీద రాసుంది కదా బాబాయ్."

"పెట్టె మీద రాయనీకేముంది? నా మేకుల పెట్టె మీద తాజ్‌మహల్ ఉంది."

అంటూనే జేబులోంచి ఒక వస్తువు తీశాడు. కిటికీ అద్దాన్ని వజ్రపు కలంతో సరిగ్గా ఫోను కొలతకు కోసి, వెనక రేకు అతికించి, బరువు కోసం నాలుగు వాషర్లు పెట్టిన దొంగ ఫోను. దాన్ని మిలిటరీ కవరులోకి తొడిగాడు. దుకాణం మొదటి రోజు కదా, చుట్టూ పదిమంది ఉన్నారు. వాళ్లందరి ముందు చేయి పైకెత్తి వదిలేశాడు.

ఫట్!

కవరుకేం కాలేదు. లోపల అద్దం మాత్రం నెర్రెలిచ్చింది.

"ఇది చొక్కా" అన్నాడు శ్రీరంగం, జనం వైపు తిరిగి. "అందానికి బాగుంటది. కవచం మాత్రం కాదు."

పదిమందిలో ఎనిమిది మంది వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరు కిరణ్మయి అత్తా, ఆడపడుచూ.

ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు ఇదే తంతు. ఆయన రావడం, కొత్త రకం అడగడం, దొంగ ఫోను తొడగడం, పడేయడం. పడేసిన కవరు తప్పకుండా కొనుక్కునేవాడు, అది వేరే మాట. కానీ ఆ ఫట్ అనే చప్పుడుకు వచ్చే బేరాలు వచ్చిన దారిన పోయేవి.

"బాబాయ్, మీరు కొనుక్కపోయి మీ దుకాణంల పడేసుకోండి" అని బతిమాలింది కిరణ్మయి.

"ఇంటికి పోయినంక పగిలిందనుకో, నేనే పగలగొట్టిన అంటవు. నీ ముందే పగలాలె. పద్ధతి."

ఒక రోజు సరుకు కోసం సుక్మా బస్సెక్కితే ముందు సీట్లో శ్రీరంగం ఉన్నాడు. ఎర్రబోరు దాటాక తనిఖీ నాకా దగ్గర బస్సు ఆపి జవాన్లు సంచులు చూస్తున్నారు. శ్రీరంగం ఒడిలో ఉన్న మూట చూసి ఒక జవాను ఆగిపోయాడు. నల్ల రబ్బరు, టార్పాలిన్, చుట్టూ పురికొస. ఆ పక్క సంచిలో అద్దం ముక్కలు, వాషర్లు, రేకులు.

"యే క్యా హై?"

"ఫోన్ హై సాబ్."

జవాను మూటను చూశాడు, ఆయన్ను చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "యే ఫోన్ హై?"

సరిగ్గా అప్పుడే మూటలోంచి సన్నగా, ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు గంట మోగింది. బస్సు రెండు క్షణాల్లో ఖాళీ అయింది. అరవై ఏళ్ల ముసలావిడ కిటికీలోంచి దూకింది. శ్రీరంగం మాత్రం సీటు కదలకుండా, "ఆగు సాబ్, ఇప్పుతున్న, ఇప్పుతున్న" అని పురికొస ముడి పళ్లతో లాగుతున్నాడు. అందరూ రోడ్డవతల చెట్ల చాటున నిలబడి చూస్తుండగా ఒక్కొక్క పొర సీటు మీద పేర్చాడు. చివరికి అరచేయంత ఫోను బయటపడింది. గంట అప్పటికే ఆగిపోయింది.

"మా ఇంటామె" అన్నాడు శ్రీరంగం. "మళ్ల చేస్తది. రెండుసార్లు చేయాలని ఆమెకు తెలుసు."

జవాను చెమట తుడుచుకుని, ఇంత కట్టు ఎందుకని అడిగాడు. శ్రీరంగం ఆయన్నే ఎదురడిగాడు. "మిలిటరీ గ్రేడు కవర్లని అమ్ముతున్నరు. మీకేమన్న తెలుసా సాబ్?" అరగంట ఆలస్యంగా బస్సు కదిలింది. కిరణ్మయి కొంగు నిండా కప్పుకుని, ఆయన తమ ఊరివాడని ఎవరికీ తెలియకుండా కూర్చుంది.

కానీ ఆ సంచి చూశాక ఆమెకు అనుమానం పట్టుకుంది. ఫోను ఒక్కటే, సంచిలో దొంగ ఫోన్లకు కోసిన అద్దాలు పాతిక. పిచ్చి అనుకుంటే పిచ్చే. కానీ పిచ్చివాడికి లెక్కగా ఒకే కొలత ఎందుకు?

అప్పటి నుంచి ఆమె కవర్లకంటే ఎక్కువగా ఎదురు దుకాణాన్నే చూడటం మొదలుపెట్టింది. చూసినకొద్దీ అనుమానం చిక్కబడింది. సైకిలు షాపు నుంచి పాత ట్యూబులు కట్టలుగా వస్తున్నాయి. చెప్పులు కుట్టే మాడ అనే అతను అట్టల్లాంటి రబ్బరు రేకులు తెచ్చి దించుతున్నాడు. సంత రోజున శ్రీరంగం మధ్యాహ్నం కాగానే ముందువైపు తలుపు సగం మూసేస్తున్నాడు. వెనక గుమ్మంలోంచి లోపలి ఊళ్ల ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా వెళ్తున్నారు, గంట తర్వాత ఏదో సంచిలో దాచుకుని బయటికొస్తున్నారు. లోపల కుట్టుమిషను టకటక.

ఒక రోజు ఆయనే వచ్చి, "అమ్మాయ్, ఈ మోడలు ఫోను అంచు ఎంత మందం ఉంటది?" అని ఒక కాగితం ముక్క చూపించాడు. అదేమీ ఖరీదైన ఫోను కాదు, అందరి దగ్గరా ఉండే చవక రకం. అందుకే ఆమెకు అంతా అర్థమైపోయింది.

"ఫ్యాక్టరీ పెట్టిండు" అని చెప్పింది ఆ సాయంత్రం భర్తతో. "నా కవర్లను పదిమందిల పగలగొట్టి పేరు చెడగొట్టుడు, వెనక గుమ్మంల సొంత సరుకు అమ్ముకునుడు. ఎక్కువ అమ్ముడుపోయే మోడలు చూసి మరీ చేస్తుండు."

భానుప్రకాష్ నవ్వాడు. "ఆయన ఎదురుగ కూసోని కూసోని నువ్వూ ఆయన లెక్కనే అయినవ్."

"నువ్వు నవ్వు. గొలుసు అమ్ముకున్నది నేను."

ఆ మాటతో అతను నవ్వు ఆపేశాడు.

తర్వాతి సంత రోజు ముసురు పట్టి ఉంది. మధ్యాహ్నం ఎదురు తలుపు సగం మూసుకోగానే కిరణ్మయి ఒక ఖాళీ గిన్నె పట్టుకుని, పెరుగు తోడు అడిగే వంకతో వెనక గుమ్మానికి వెళ్లింది. ఏమనాలో దారంతా అనుకుంటూ వెళ్లింది. నలుగురిలో నిలదీస్తుంది, గిన్నె నేలకేసి కొడుతుంది, ఏడవకుండా మాట్లాడుతుంది. తలుపు తోసింది.

లోపల అన్నపూర్ణమ్మ మిషను దగ్గర కూర్చుని దళసరి గుడ్డ కుడుతోంది. నేల మీద చాప పరిచి ఉంది. చాప మీద ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల ముందు శ్రీరంగం మోకాళ్ల మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, ఒక ఫోను మూలలకు రబ్బరు ముక్కలు అతికిస్తున్నాడు. పక్కనే రెండేళ్ల పిల్లవాడు ట్యూబు ముక్కను రెండు చేతులా పట్టుకుని నములుతున్నాడు.

"దొరికిన్రు!" అంది కిరణ్మయి.

శ్రీరంగం ఉలిక్కిపడి ఫోను వదిలేశాడు. అది కింద పడింది. ఆయన పడేయాలనుకోకుండా ఆయన చేతిలోంచి పడిన మొదటి ఫోను అదే అయి ఉంటుంది.

"ఎంతకమ్ముతున్నరు బాబాయ్? ఎదురుంగ దుకాణం పెట్టుకున్న ఆడపిల్ల కడుపు కొట్టేదానికి ఎంత గిట్టుతుంది?"

ఆయన వంగి ముందు ఫోను గాజు చూసుకున్నాడు. చాప మీద కూర్చున్న ఇద్దరిలో పెద్దావిడ జవాబు చెప్పింది. పేరు జోగే. ఎర్రబోరు నుంచి లోపలికి, వాగు దాటి పోతే వచ్చే ఊళ్లో మితానిన్, అంటే ఊరి ఆరోగ్యం చూసుకునే మనిషి. కాన్పు వచ్చినా, జ్వరం వచ్చినా దవాఖాన బండికి ఫోను చేయాల్సింది ఆమే.

"సేఠ్ పైసా తీసుకోడమ్మా" అంది జోగే. "తిడతడు. మస్తు తిడతడు. ఫోను జాగ్రత్తగ పట్టుకునుడు రాదా అని తిడతడు. పైసా మాత్రం తీసుకోడు."

కిరణ్మయి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

అన్నపూర్ణమ్మ మిషను ఆపింది. "కూసో బిడ్డా. చెప్తా. ఈయన చెప్పడు, చెప్పుడుకు సిగ్గు."

"నువ్వు కుట్టు" అన్నాడు శ్రీరంగం.

"నువ్వు ఊరుకో" అని ఆవిడ చెప్పుకుపోయింది.

రెండేళ్ల కిందట, ఇలాంటి ముసురులోనే, ఇక్కడ చాప మీద కూర్చున్న ఈ రెండో అమ్మాయి పొజ్జేకి నొప్పులు మొదలయ్యాయి. ఆ ఊళ్లో సిగ్నలు గుట్ట మీద తప్ప దొరకదు. జోగే ఫోను చేత్తో పట్టుకుని గుట్ట మీదికి పరుగెత్తింది. తడి బండ మీద కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది, ఫోను బండకు తగిలింది. లోపల దీపం వెలుగుతూనే ఉంది, గాజు ముక్కలైంది. ఎంత నొక్కినా నంబరు పడలేదు. పొజ్జేను మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకుని, నడుము లోతు వాగు దాటి రోడ్డు వైపు నడిచారు. దారిలోనే, అడవిలో, జోగే పట్టిన ప్లాస్టిక్ పట్టా కింద బిడ్డ పుట్టాడు. ట్యూబు నములుతున్నది వాడే.

"వారం తర్వాత సంతకొచ్చి మా దుకాణంలకు వచ్చింది" అంది అన్నపూర్ణమ్మ. "గాజు అతికించే జిగురు ఉన్నదా సేఠ్ అని అడిగింది. ఈయన నవ్విండు. గాజు అతుకుతదా అని నవ్విండు. అప్పుడీమె జరిగిందంతా చెప్పి, ఇంత పెద్ద దుకాణంల గట్టిది ఒక్కటి కూడ లేదా అన్నది. కోపంగ కాదు, ఉత్తగనే అడిగింది. ఆ రోజు ఈయన అన్నం తినలె. తెల్లారి ఫోన్లు పడేసుడు మొదలుపెట్టిండు."

జేబు గీత, బండి గీత, పరుగు గీత. ఊరంతా నవ్విన పిచ్చిలో ఆయన వెతుకుతున్నది ఒక్కటే. బండ మీద పడినా నంబరు పడే ఫోను. ఈ ఆర్నెల్లలో పద్నాలుగు ఊళ్ల మితానిన్ల ఫోన్లకు తొడుగులు కుట్టించి ఇచ్చాడు.

కిరణ్మయి చాప అంచున కూర్చుంది. ఒక తొడుగు చేతిలోకి తీసుకుంది. బరువుగా, అరచేతి మందాన, పైన టార్పాలిన్, పురికొస. వ్యాపారం చేసే బుర్ర ఊరుకోదు కదా, వేళ్లు వాటంతటవే ముడి విప్పడం మొదలుపెట్టాయి. ఒక పొర, రెండు పొరలు, మూడు.

"బాబాయ్."

"ఊఁ."

"ఒక మాటంటే తిట్టరు కదా?"

"చెప్పు. తర్వాత చూద్దాం."

"ఇదంతా ఇప్పేదాంక నొప్పులు ఆగుతయా?"

శ్రీరంగం తొడుగు వైపు చూశాడు, పురికొస వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. పగలకూడదు అన్న ఒక్క మాట పట్టుకుని రెండేళ్లు తిరిగిన మనిషికి, వాడాలి కూడా అన్న మాట తట్టనేలేదు.

జోగే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను తొడుగు ఇంట్లనే పెట్టి పోతున్న సేఠ్. నీకు చెప్పుడుకు భయమేసింది."

"తొడుగు ఇంట్ల పెట్టి పోతున్నవా!" శ్రీరంగం లేచి నిలబడ్డాడు. "ఆర్నెల్లు! ఆర్నెల్ల సంది బండల మీద ఉత్త ఫోను పట్టుకుని..." తిట్టడానికి ఊపిరి తీసుకున్నాడు. ఏమనుకున్నాడో, మళ్లీ కూర్చున్నాడు. "తప్పు నాదేలే" అన్నాడు.

కిరణ్మయి గిన్నె అక్కడే పెట్టి వాన్లో రోడ్డు దాటి తన దుకాణానికి వెళ్లింది. రెండు చేతుల నిండా సరుకు పట్టుకొచ్చింది. ముందువైపు అంచు లేచి ఉండే మెత్తటి కవరు, బోర్లా పడినా గాజు నేలకు తగలకుండా. పడవ ఎక్కేవాళ్లు కొనుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, బయట నుంచే నంబరు నొక్కుకునేలా. మెడలో వేసుకునే తాడు. "మీ రబ్బరు మూలలకే చాలు బాబాయ్. దెబ్బ తగిలేది మూలకే కదా. మిగతా చోట ఎందుకు?"

"మూలకే తగుల్తదని ఎట్లా తెలుసు?"

"నా దుకాణంల మీరు పడేసినయన్నీ చూసిన కదా. నూటికి తొంభై మూలమీదనే పడ్డయ్."

శ్రీరంగం ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

ఆ తర్వాత పది రోజులు ఇద్దరూ కలిసి పడేశారు. మధ్యాహ్నం బజారు నిద్రపోయే వేళ ఆయన పరుగు గీత దగ్గర చేయి పెట్టి వదిలేవాడు, ఆమె వంగి చూసేది. గచ్చు చాలదని శబరి ఒడ్డు నుంచి ఒక బండ తెప్పించి దుకాణం మధ్యలో వేయించాడు. మేకులు కొనేవాళ్లు దాని మీద కాలు తట్టుకుని పడేవాళ్లు. మొదట రబ్బరు మరీ మందమై ఎగిరి పడింది. తర్వాత మరీ పలచనైంది. సంచిలోకి నీళ్లు పోతున్నాయా అని అన్నపూర్ణమ్మ పప్పు కడిగే గిన్నెలో ముంచి పెడితే, ఆవిడ మర్చిపోయి గిన్నెను పొయ్యి మీదికి ఎక్కించబోయింది. పదకొండో రోజు ఒకే అద్దాన్ని పన్నెండుసార్లు పడేశారు. గీత కూడా పడలేదు.

"ఇంకోసారి" అన్నాడు శ్రీరంగం.

"చాలు బాబాయ్."

"ఇంకొక్కసారి."

పదమూడోసారి కూడా బతికింది. ఆయన ముఖంలో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది. మరుసటి సంతకు వచ్చిన జోగే మెడలో కిరణ్మయి తానే ఆ ఫోను వేసింది.

శ్రావణంలో మూడు రోజులు ఎడతెగని వాన పడింది. నాలుగో రోజు ఉదయం శ్రీరంగం వరండాలో చాయ్ తాగుతుండగా ఫోను మోగింది. ఆయన ఫోనుకు కూడా ఇప్పుడు కొత్త కవరే కాబట్టి మొదటి గంటకే ఎత్తాడు. ఎత్తినవాడు లేచి నిలబడ్డాడు. రోడ్డవతల షట్టరు ఎత్తుతున్న కిరణ్మయికి ఆయన అరుపు వినిపించింది.

"ఏంది? ఎక్కడ పడ్డది?"

ఆమె షట్టరు సగంలో వదిలి పరుగెత్తింది. ఆయన ఫోనును అందరికీ వినిపించేలా పెట్టాడు. అవతల జోగే ఆయాసపడుతూ మాట్లాడుతోంది.

"ఊళ్ల ఒకామెకు నొప్పులొచ్చినయని గుట్టెక్కుతుంటే, బండ మీద సేఠ్. మళ్ల అదే బండ మీద జారిన. నేను ఒక దిక్కు, ఫోను ఒక దిక్కు. అది దొర్లి నీళ్లల పడ్డది. నా పాణం పోయింది. తీసి చూస్తే ఎలుగుతున్నది! నొక్కితే మోగింది! రోడ్డు మీదికి బండి వచ్చింది. ఇప్పుడు దవాఖానల ఉన్నం. ఆడపిల్ల."

శ్రీరంగం గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగనే పడ్డదా? నా మనసు కోసం చెప్తున్నవా?"

"నా మోకాలు చూపియ్యాలా సేఠ్?"

"ఏ మూల తగిలింది? నీళ్లల ఎంతసేపున్నది? మళ్ల నొక్కంగనే పట్టిందా, రెండుసార్లు నొక్కినవా?"

"సేఠ్" అంది జోగే, "తల్లి మంచిగుంది. అది అడగవా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. అవతల జోగే ఫోను పక్కకు తిప్పినట్టుంది. పసిబిడ్డ ఏడుపు వరండా అంతా నిండింది. అన్నపూర్ణమ్మ చేతిలో చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కిరణ్మయి పమిట కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతోంది, ఎందుకు నవ్వుతోందో ఆమెకే తెలియదు. శ్రీరంగం ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, ఏడుపు ఆగేదాకా విన్నాడు.

ఫోను పెట్టేశాక ఆయన అటూ ఇటూ చూసి కిరణ్మయిని దగ్గరకు పిలిచాడు.

"అమ్మాయ్, ఇదంతా బయట చెప్పకు."

"ఎందుకు బాబాయ్? అందరికీ తెలిస్తే మంచిదే కదా?"

"మంచోడినని తెలిస్తే బతకనియ్యరు. రేపటి సంది ధర తగ్గియ్యమని బేరాలు మొదలైతయ్."

కిరణ్మయి ఒట్టు వేసింది. నిజంగానే ఎవరికీ చెప్పకూడదనుకుంది. సాయంత్రం భానుప్రకాష్ బస్సు దిగగానే ఒక్క అతనికి చెప్పింది, భర్తకు చెబితే చెప్పినట్టు కాదు కదా అని. ఆ సమయంలో పక్కనే టికెట్ల గూట్లో రామ్‌ప్రసాద్ ఉన్న సంగతి ఆమె గమనించలేదు.

మర్నాడు శ్రీరంగం దుకాణం తెరిచేసరికి మెట్ల మీద రామ్‌ప్రసాద్ నిలబడి ఉన్నాడు. మొహం నిండా నవ్వు. వెనక ఇంకో నలుగురు.

"బాబాయ్, మీరు మస్తు మంచోరంట కదా" అన్నాడు. "ఈ తాళం ధర కొంచెం చూసి చెప్పండి."

శ్రీరంగం తాళం వైపు చూడలేదు. రోడ్డవతలికి చూశాడు. నెమలి కవర్ల తోరణం వెనక కిరణ్మయి తల వంచుకుని, అప్పటికే సర్దిన పెట్టెలను మళ్లీ సర్దడం మొదలుపెట్టింది.